ఒకే ఆఫీసు, నూరు ప్యాకేజీలు

డెబియన్ అనే లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో, ఉత్తరాలూ పత్రాలూ రాసుకునే లిబ్రెఆఫీస్ రైటర్ కావాలని ప్యాకేజీలు దించే ఆప్ట్‌ను అడిగితే అది వెంటనే పనిలోకి దిగదు. ముందు పొడవాటి చిట్టా చదువుతుంది. రైటర్ సరే, దాని వెంట కోర్, కామన్, బేస్-కోర్, బొమ్మల గుర్తులకు కొలిబ్రె స్టైల్, ప్రత్యేక చిహ్నాలకు ఓపెన్‌సింబల్ ఫాంటు, ఇంకా పేరైనా వినని లైబ్రరీలు (ప్రోగ్రాములు పంచుకునే కోడు మూటలు) ఎన్నో. పెళ్లికి ఒక్కరిని పిలిస్తే ఊరంతా బండి కట్టుకుని వచ్చినట్టు ఉంటుంది. ఒకే ఇన్‌స్టాలర్ ఫైలు నొక్కి పని ముగించుకునే అలవాటు ఉన్నవారికి ఇదంతా చాదస్తంగానే కనిపిస్తుంది.

నిజానికి డెబియన్‌లో లిబ్రెఆఫీస్ సోర్సు ప్యాకేజీ, అంటే మనుషులు రాసిన కోడు మూట, ఒక్కటే. దాన్ని కంపైల్ చేశాక (కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చాక) వచ్చే బైనరీ ప్యాకేజీలే వందకు పైగా ఉంటాయి. వీటిలో ఎక్కువ భాగం భాషలకు, సహాయ పుటలకు సంబంధించినవి. మిగిలినవి ఆ పెద్ద ప్రోగ్రాం ఒంటిని కోసిన ముక్కలు. ఎక్కడ కోయాలో నిర్ణయించేది దాన్ని రాసిన డెవలపర్లు కారు, డెబియన్‌లో దాన్ని ప్యాకేజీగా మలిచే నిర్వాహకులు.

కోతకు కారణం అడిగితే మొదట తట్టే జవాబు సైజు: అక్కర్లేనిది డౌన్‌లోడ్ చేసుకునే పని ఉండదు. అది అబద్ధం కాదు గానీ ఉన్న కారణాల్లో అన్నిటికంటే బలహీనమైనది అదే. ముక్కను విడదీస్తే ఏ పరాయి లైబ్రరీల గొలుసు తెగిపోతుంది? ఆ ముక్క లేనప్పుడు మిగిలిన ప్రోగ్రాం మర్యాదగా నడుచుకుంటుందా, తడబడి కూలుతుందా? మంచి కోతలన్నీ ఈ రెండు ప్రశ్నలకు సరైన జవాబు దొరికినచోటే పడ్డాయి. చెడ్డ కోతలను గమనిస్తే వీటిలో ఏదో ఒకటి అడగడం మరిచిపోయినట్టు తెలుస్తుంది.

ఆరు బొమ్మలు, ఒక్క ప్రోగ్రాం

మెనూలో రైటర్, కాల్క్, ఇంప్రెస్, డ్రా, బేస్, మ్యాథ్ అని ఆరు బొమ్మలు కనిపిస్తాయి. ఆరు వేర్వేరు ప్రోగ్రాములని అనుకోవడం సహజం. లోరైటర్ అనే కమాండు ఫైలును ఒకసారి ఎడిటర్‌లో తెరిచి చూస్తే ఆ భ్రమ తొలగుతుంది. అది రెండు మూడు వరుసల షెల్ స్క్రిప్టు. ఎస్‌ఆఫీస్‌ను పిలిచి ‘రైటర్‌గా తెరుచుకో’ అని చెప్పడమే దాని ఉద్యోగం. లోకాల్క్ కూడా అంతే. లోపల నడిచే ప్రాసెస్ ఒక్కటే, దాని పేరు ఎస్‌ఆఫీస్.బిన్. రెండు ఉత్తరాలు, ఒక లెక్కల పట్టిక తెరిచి ఉండగా ఒకటి కూలితే మూడూ కలిసి కూలేది అందుకే.

ఆ ‘ఎస్’ అక్షరానికి వెనుక కథ ఉంది. జర్మనీలోని స్టార్ డివిజన్ కంపెనీ తయారుచేసిన స్టార్‌ఆఫీస్ దీని మూలపురుషుడు. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొన్నది. 2000లో సోర్సు కోడు ఓపెన్‌ఆఫీస్.ఆర్గ్ పేరుతో బయటికి వచ్చింది. సన్‌ను ఒరాకిల్ కొనేశాక, 2010 సెప్టెంబరు 28న డాక్యుమెంట్ ఫౌండేషన్ వారు వేరుకాపురం పెట్టి లిబ్రెఆఫీస్‌ను ప్రకటించారు. ఇన్నిసార్లు ఇంటిపేరు మారినా లైబ్రరీల పేర్లలో పాత వంశం అలాగే నిలిచింది. రైటర్ కోడు ఉన్న లైబ్రరీ పేరు ఎస్‌డబ్ల్యూతో మొదలవుతుంది, అంటే స్టార్‌రైటర్. కాల్క్‌ది ఎస్‌సీ. ఇక డ్రా, ఇంప్రెస్ రెండింటికీ కలిపి ఒకటే ఎస్‌డీ.

ప్యాకేజీ చేసేవారికి ఈ చివరి సంగతి ముఖ్యం. మెనూలో ఇంప్రెస్, డ్రా వేర్వేరు బొమ్మలే గానీ లోపల వాటి మధ్య కుట్టు లేదు. ఒకే బట్టకు రెండు వైపులా రెండు రంగులు వేసినట్టు ఉంటాయి. డెబియన్ వాటిని రెండు ప్యాకేజీలుగానే ఇస్తుంది, కానీ ఇంప్రెస్ అడిగితే డ్రా తప్పనిసరిగా వెంట వస్తుంది. వాడేవారి మనసులో ఉన్న విభజనకు మర్యాద ఇవ్వడానికి చేసిన కోత ఇది, పేరుకే కోత.

బేస్ విషయంలో దీనికి పూర్తిగా తలకిందులు జరిగింది. మెనూలో బొమ్మ ఒకటే, ప్యాకేజీలు మాత్రం బేస్, బేస్-కోర్ అని రెండు. డేటాబేస్ అప్లికేషన్ గడప తొక్కని వ్యక్తికి కూడా రైటర్‌లో వందమంది చిరునామాలతో ఒకే ఆహ్వానపత్రం ముద్రించే అవసరం రావచ్చు. మెయిల్ మెర్జ్ అనే ఆ పనికి డేటాబేస్‌ను అందుకునే లైబ్రరీ కావాలి. పట్టికలు, ఫారాలు రూపొందించే తెరలు అక్కర్లేదు. అందుకే ఆ లైబ్రరీ బేస్-కోర్‌లో ఉండి రైటర్‌తో పాటు నిశ్శబ్దంగా దిగుతుంది. మెనూను చూస్తూ కోసేవారికి ఈ కోత ఎన్నటికీ తోచదు. ఏ లైబ్రరీ ఎవరిని పిలుస్తున్నదో కూర్చుని చూసినవారికే తోస్తుంది.

ఇక్కడ మూల డెవలపర్ల పాత్ర ఒకటి చెప్పుకోవాలి. లిబ్రెఆఫీస్ తన సెట్టింగుల జాబితాను ఒక్క పెద్ద ఫైలులో కాక భాగాలవారీగా రైటర్.ఎక్స్‌సీడీ, కాల్క్.ఎక్స్‌సీడీ అని విడివిడి ఫైళ్లలో పెడుతుంది. ప్రోగ్రాం తెరుచుకునేటప్పుడు ఆ ఫోల్డరులో ఏమున్నాయో చూసుకుని, ఉన్న భాగాల మెనూలే చూపిస్తుంది. కాల్క్ ప్యాకేజీ లేకపోతే దాని ఎక్స్‌సీడీ ఫైలు లేదు, ఫైలు లేకపోతే కొత్త లెక్కల పట్టిక తెరిచే మాట మెనూలో రాదు. ప్యాకేజీ నిర్వాహకుడు చేతితో ఒక్క వరుస కోడు రాయకుండానే కోత శుభ్రంగా పడింది. దర్జీ కుట్టు వేసినచోట విప్పడం తేలిక, బట్ట మధ్యలో కత్తెర పెడితే పోగులు ఊడతాయి.

మూల డెవలపర్లకు ఎప్పుడూ ఇంత విడదీసే కోరిక ఉండదు. ప్రోగ్రాం త్వరగా తెరుచుకోవాలని వారు పదుల కొద్దీ చిన్న లైబ్రరీలను బిల్డ్ సమయంలోనే కలిపి మెర్జ్‌డ్‌లో అనే ఒకే పెద్ద లైబ్రరీగా పోతపోసే సౌకర్యం పెట్టారు. డెబియన్ దాన్ని వాడుకుంటుంది, కోర్ ప్యాకేజీ బరువులో పెద్ద వాటా దానిదే. వేగం కోసం కలిపిన దాన్ని సైజు కోసం మళ్లీ విడదీయడం కుదరదు. రైటర్ ఒక్కటే చాలన్నవారు కూడా అందుకే ఈ పెద్ద ముద్దను మోయాలి. సైజు వాదన బలహీనమన్నది ఇందుకే.

తెగవలసిన గొలుసులు

మరి బలమైన వాదన ఏది? జావాను చూస్తే అర్థమవుతుంది. బేస్‌లో పాతకాలం నుంచీ ఉన్న హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీ అనే అంతర్గత డేటాబేస్ జావాలో రాసినది. నివేదికలు తయారుచేసే రిపోర్ట్ బిల్డర్‌కు కూడా జావా కావాలి. ఇవన్నీ ఒకే ప్యాకేజీలో ఉంటే, రోజుకు ఒక ఉత్తరం టైపు చేసుకునే వ్యక్తి కంప్యూటర్‌లోనూ జావా వాతావరణమంతా దిగాలి. అది దిగడంతో అయిపోదు, భద్రతా లోపాల సవరణలు వచ్చిన ప్రతిసారీ దాన్నీ నవీకరించుకుంటూ పోవాలి. జావా మీద ఆధారపడే ముక్కల సొంత బరువు పెద్దది కాదు. వాటి వెనుక వచ్చే బలగం పెద్దది. ఆ బలగాన్ని ఆపడానికే డెబియన్‌లో హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీ డ్రైవరు వేరే ప్యాకేజీ, ఫైర్‌బర్డ్ డ్రైవరు వేరే, మైఎస్‌క్యూఎల్ వేరే, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వేరే అయ్యాయి.

తెర మీద కనిపించే రూపానిదీ అదే కథ. లిబ్రెఆఫీస్ తన కిటికీలను తానే నేరుగా గీయదు, ఒక ప్లగిన్ ద్వారా గీయిస్తుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవారికి జీటీకే3 ప్లగిన్ ఉంది, కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ వాడేవారికి దానికి తగ్గది మరొకటి ఉంది. రెండూ కోర్‌లోనే పెడితే గ్నోమ్ మనిషి ఇంట్లోకి కేడీఈ లైబ్రరీలు, కేడీఈ మనిషి ఇంట్లోకి గ్నోమ్ లైబ్రరీలు చేరతాయి. విడదీశారు కాబట్టి ఎవరిది వారికే.

ఈ కోతకు ఒక వికృత ఫలితం కూడా ఉంది. తేలికపాటి డెస్క్‌టాప్ మీద ప్యాకేజీలను పొదుపుగా ఏరుకుని దించుకున్నప్పుడు జీటీకే3 ముక్క చిట్టాలోంచి జారిపోయిందనుకుందాం. రైటర్ తెరుచుకుంటుంది. మెనూలు మాత్రం బూడిదరంగులో, మొద్దుగా, 1990ల నాటి తెరలను గుర్తుచేస్తూ కనిపిస్తాయి. ఫైలు తెరిచే కిటికీ కూడా మిగతా డెస్క్‌టాప్‌తో సంబంధం లేనట్టు ఉంటుంది. ఏ పొరపాటు సందేశమూ రాదు. తగిన ప్లగిన్ దొరకక ప్రోగ్రాం తన దగ్గరున్న ‘జెన్’ అనే సాదా ఎక్స్11 ప్లగిన్‌తో సర్దుకుంది. ఇంజనీరు కళ్లకు ఇది చక్కని ప్రవర్తన: ముక్క లేదు, అయినా ప్రోగ్రాం కూలలేదు. వాడేవారి కళ్లకు మాత్రం లిబ్రెఆఫీస్ అంటే ఇంత అందవికారంగా ఉంటుందన్న నమ్మకం మిగులుతుంది. లోటు ఎక్కడుందో చెప్పే మాట ఒక్కటీ తెర మీద లేదు గనుక ఆ నమ్మకాన్ని తప్పుపట్టలేం.

సైజుకు సంబంధించి ఒక కోత మాత్రం నిజంగా గిట్టుబాటైనది. గుర్తుల బొమ్మలు, టెంప్లేట్లు, సెట్టింగుల ఫైళ్లు వంటివి ఏ ప్రాసెసర్ మీదైనా ఒకేలా ఉంటాయి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 బుక్‌వర్మ్ తొమ్మిది రకాల ప్రాసెసర్లకు విడుదలైంది. ఈ మారని సరుకు కంపైల్ అయిన కోడుతో కలిసి ఉంటే ప్యాకేజీల నకళ్లు ఉంచే ప్రపంచంలోని ప్రతి మిర్రర్ సర్వర్ మీద తొమ్మిదిసార్లు నిలవ ఉండేది. వేరుచేసి కామన్ వంటి ప్యాకేజీల్లో పెట్టడంతో ఒక్కసారే ఉంటుంది. ఈ లాభం ఇంట్లో వాడేవారికి ఏమాత్రం కనిపించదు, ఖర్చు తగ్గేది మిర్రర్లు నడిపేవారికి.

తెలుగు దిగే దారులు

భాషల దగ్గర కోత ఎలా ఉండాలో తెలుగు వాడకం ద్వారా చూస్తే చక్కగా తెలుస్తుంది. రైటర్‌లో తెలుగు అంటే ఒక్కటే సంగతి అనిపిస్తుంది గానీ అందులో విడివిడి అవసరాలు నాలుగున్నాయి. అక్షరాలు తెర మీద కనిపించడానికి ఫాంటు, మెనూలు తెలుగులో రావడానికి అనువాదం, తప్పొప్పులు చూడటానికి నిఘంటువు, వరుస చివర మాటను సరిగ్గా విరవడానికి హైఫనేషన్ నియమాలు. డెబియన్‌లో ఇవి నాలుగు దారుల్లో వస్తాయి. ఫాంట్లకు లోహిత్ తెలుగు ఒక ప్యాకేజీ, పోతన2000, వేమన2000 ఉన్నది మరొకటి. మెనూలకు లిబ్రెఆఫీస్-ఎల్10ఎన్-టీఈ. నిఘంటువుకు హన్‌స్పెల్-టీఈ. మాట విరుపుకు హైఫెన్-టీఈ. (ఎల్10ఎన్ అనే వింత పేరుకు అర్థం: లోకలైజేషన్ అన్న ఇంగ్లీషు మాటలో ఎల్‌కూ ఎన్‌కూ మధ్య పది అక్షరాలున్నాయి, అవి రాయడానికి బద్ధకమేసి ఎవరో అంకె వేశారు.)

ఇన్ని ముక్కలెందుకని విసుక్కునేముందు వాడకాన్ని గమనించాలి. తెలుగులో పేజీలకు పేజీలు రాస్తూ మెనూలను ఇంగ్లీషులోనే ఉంచుకునేవారు చాలామంది. ‘సేవ్’, ‘ప్రింట్’ అన్న మాటలకు కళ్లు అలవాటు పడిపోయాయి, సహాయం కోసం వెతికేటప్పుడు దొరికే వివరణలూ ఎక్కువగా ఇంగ్లీషు మెనూల పేర్లతోనే ఉంటాయి. వారికి ఫాంటు కావాలి, నిఘంటువు కావాలి, అనువాదం అక్కర్లేదు. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో తెలుగు ఉత్తరాన్ని చదవడమే తప్ప రాయనివారికి ఫాంటు ఒక్కటి చాలు. పైగా హన్‌స్పెల్ నిఘంటువు లిబ్రెఆఫీస్ సొంత ఆస్తి కాదు, అదే ఫైలును ఇతర ప్రోగ్రాములూ వాడుకుంటాయి. నాలుగింటినీ ఒకే మూటగా కట్టి ఉంటే ఈ సౌలభ్యాలేవీ దొరికేవి కావు.

భాష ముక్క లోపలికి తొంగి చూస్తే కోత ఎంత సున్నితంగా పడిందో కనిపిస్తుంది. టీఈ అనే ఫోల్డరులో .ఎంఓ అనే అనువాద ఫైళ్లు, వాటితో పాటు ఆ భాష ఉన్నదని ప్రకటించే చిన్న ఎక్స్‌సీడీ ఫైళ్లు. తీసేస్తే మెనూలు ఇంగ్లీషుకు తిరిగిపోతాయి, అంతే. ఒక మాటకు అనువాదం లేకపోతే మూలంలోని మాట చూపించడం అనువాద వ్యవస్థకు పుట్టుకతో వచ్చిన గుణం. లేమిని తట్టుకునే శక్తి ఇంతగా ఉన్న ముక్క మరొకటి లేదు. అందుకే విభజన అంటే పడనివారు కూడా ఈ ఒక్క కోతను ఒప్పుకుంటారు.

భాషకు సంబంధించినదల్లా విడదీయాలని మాత్రం అనుకోకూడదు. తెలుగు టైపు చేసే కీబోర్డు పట్టికలు ఉండే ఎం17ఎన్-డీబీ ప్యాకేజీ దీనికి ఎదురు ఉదాహరణ. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్, పోతన, ఐట్రాన్స్ – తెలుగుకే ఇలా ఎన్నో పద్ధతుల పట్టికలు అందులో ఉన్నాయి. తమిళం, హిందీ, థాయ్, ఇంకా లెక్కలేనన్ని భాషల పట్టికలూ అదే ప్యాకేజీలో ఉన్నాయి, అన్నీ కలిపి దిగుతాయి. ఒక్కోటి చిన్న టెక్స్టు ఫైలు. దేని వెనుకా పరాయి లైబ్రరీల గొలుసు లేదు. కోస్తే ఆదా అయ్యేది ఏమీ ఉండదు, పేర్లు మాత్రం పెరుగుతాయి. కొయ్యకపోవడమే అక్కడ తెలివైన పని.

ముక్కల మధ్య దారాలు

కోసిన ముక్కలను మళ్లీ తగినట్టు కలిపేవి ప్యాకేజీ వివరాల్లో రాసే సంబంధాలు. డెబియన్‌లో వీటికి మూడు మెట్లు. డిపెండ్స్ అంటే అది లేకుండా దిగనే దిగదు. రికమెండ్స్ అంటే మామూలుగా ఉండవలసినది, వద్దంటే వదిలేయవచ్చు. సజెస్ట్స్ అంటే ఉంటే బాగుంటుందన్న మాట చెవిన వేయడం. 2009లో వచ్చిన లెన్నీ అనే డెబియన్ విడుదల నాటి నుంచి రికమెండ్స్‌లో ఉన్నవాటిని కూడా ఆప్ట్ తనంతట తానే దించుతోంది. ఈ చిన్న మార్పు కోతల స్వభావాన్నే మార్చింది. అంతకుముందు ‘వేరుచేస్తే జనానికి అందకుండా పోతుందేమో’ అన్న భయంతో ఎన్నో సంబంధాలను డిపెండ్స్‌లో బిగించవలసి వచ్చేది. ఇప్పుడు ధైర్యంగా రికమెండ్స్‌లో పెట్టవచ్చు: వందలో తొంభైమందికి అది వస్తుంది, సర్వర్లు నడిపే పదిమంది వద్దనుకోవచ్చు.

రైటర్, మ్యాథ్‌ల సంబంధం రికమెండ్స్‌కు తగిన ఉదాహరణ. ఉత్తరాలు రాసేవారికి గణిత సూత్రాలతో పనిలేదు. మ్యాథ్ లేని కంప్యూటర్‌లో సూత్రాలున్న పత్రం తెరిచినా పెద్ద నష్టం ఉండదు. ఓపెన్‌డాక్యుమెంట్ ఫైలు లోపల ప్రతి సూత్రానికీ ఒక బొమ్మ కూడా భద్రపరచి ఉంటుంది గనుక సూత్రం కనిపిస్తుంది, దాన్ని మార్చడమే కుదరదు. చదవడం ఆగలేదు, దిద్దడం ఆగింది. ఇలాంటి లేమిని రికమెండ్స్ భరిస్తుంది. పత్రమే తెరుచుకోని పరిస్థితి అయితే డిపెండ్స్‌లో ఉండి తీరాలి.

కోతకు అయ్యే ఖర్చు

విభజన ఉచితంగా రాదు. మొదటి ఖర్చు వెర్షన్ల తాళం. రైటర్ ఒక వెర్షన్‌ది, కోర్ మరో వెర్షన్‌ది అయితే లోపలి లైబ్రరీలు పొసగవు. అందుకే ‘సరిగ్గా నా వెర్షన్ కోర్ మాత్రమే’ అని రాసి బిగిస్తారు. ఇందులో కొత్తవారు తప్పక కాలేసే గొయ్యి ఒకటి ఉంది. ఏదో లైబ్రరీ మారినప్పుడు సోర్సులో ఒక్క అక్షరమూ మార్చకుండా డెబియన్ ప్యాకేజీలను మళ్లీ కంపైల్ చేయిస్తుంది. అప్పుడు 2.0-1 అన్న వెర్షన్ 2.0-1+బీ1 అవుతుంది. ప్రాసెసర్‌తో సంబంధంలేని కామన్ లాంటి ప్యాకేజీలు మాత్రం మళ్లీ కంపైల్ కావు, 2.0-1 దగ్గరే ఉండిపోతాయి. కోర్ అప్పుడు ‘నా వెర్షన్ కామన్ కావాలి’ అని అడిగితే 2.0-1+బీ1 అన్న కామన్ లోకంలో ఎక్కడా ఉండదు, ఇన్‌స్టాలేషన్ అక్కడే ఆగిపోతుంది. మందు తేలికే: ప్యాకేజీ వివరాలు రాసే కంట్రోల్ ఫైలులో బైనరీ వెర్షన్ అన్నచోట సోర్సు వెర్షన్ అని రాయాలి. తేడా ఒక్క మాటలో ఉంది, ఆ ఒక్క మాట తప్పుపడినందుకు ఆగిపోయిన నవీకరణలు ఎన్నో.

రెండో ఖర్చు మనసు మార్చుకున్నప్పుడు తెలుస్తుంది. ఈ విడుదలలో ఒక ఫైలు కామన్‌లో ఉంది, వచ్చే విడుదలలో దాన్ని రైటర్‌లోకి మార్చారు. వాడేవారి కంప్యూటర్‌లో పాత కామన్ ఇంకా ఉండగా కొత్త రైటర్ ముందు దిగిందనుకుందాం. ఈ ఫైలు ఇప్పటికే కామన్‌కు చెందినది, దాని మీద రాయనంటూ, ప్యాకేజీలను విప్పి పెట్టే డీప్యాకేజీ అనే ప్రోగ్రాం మధ్యలోనే చేతులెత్తేస్తుంది. ‘ఫలానా వెర్షన్‌కు ముందున్న కామన్‌తో నాకు పొసగదు, దాని ఫైలు నేను తీసుకుంటున్నాను’ అని బ్రేక్స్, రిప్లేసెస్ అన్న రెండు వరుసలు రాస్తే గొడవ ఉండదు. రాయడం మరిస్తే నిర్వాహకుడి సొంత కంప్యూటర్‌లో తప్పు బయటపడకపోవచ్చు, అక్కడ రెండూ ఒకేసారి కొత్తవి అయి ఉంటాయి గదా. దెబ్బ తగిలేది రెండేళ్లకోసారి పెద్ద విడుదలకు మారే మామూలు జనానికి.

ఇక ఫైళ్ల పంపకం. ఏ ఫైలు ఏ ప్యాకేజీకి వెళ్లాలో ఒక్కో ప్యాకేజీకి ఒక్కో .ఇన్‌స్టాల్ జాబితాలో రాస్తారు. లిబ్రెఆఫీస్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా కొత్త ఫైళ్లు పుడతాయి, పాతవి పోతాయి. ఏ జాబితాలోనూ చోటు దొరకని ఫైలు ఉంటే, ప్యాకేజీలు కట్టే డెబ్‌హెల్పర్ అనే సాధనం 13వ అనుకూలత స్థాయి నుంచి బిల్డ్ అక్కడికక్కడే ఆగుతుంది. మొదటిసారి ఎదురైనప్పుడు విసుగు తెప్పించే నియమమే అయినా, ఒక లైబ్రరీ ఎవరి సంచిలోనూ పడకుండా కిందపడి పోవడం కంటే ఇది వేయిరెట్లు నయం.

అందరూ కలిసి మోసే ఖర్చు మరొకటి ఉంది. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13 ట్రిక్సీలో 69,830 ప్యాకేజీలున్నాయి. ప్రతి ప్యాకేజీకి పేరు, వివరణ, సంబంధాలు, చెక్‌సమ్ రాసిన ఒక పేరా సూచికలో ఉంటుంది. ఆ సూచికను లిబ్రెఆఫీస్ పేరు విననివారి కంప్యూటర్ కూడా దించుకుని చదవాలి. కొత్త బైనరీ పేరు ఒకటి చేర్చాలంటే ఆర్కైవ్ నిర్వాహకులు చూసి ఆమోదించేదాకా వరుసలో నిలబడాలి. 250 కేబీల ప్యాకేజీ నుంచి 50 కేబీల ముక్కను విడదీసి తెస్తే వారు తిప్పి పంపడానికి వెనుకాడరు. ఒక్క ఫైలు కోసం ఒక ప్యాకేజీ పుట్టించడం కూడా వారికి గిట్టదు. ఆ కఠినత్వం లేకపోతే సూచిక ఈపాటికి పుట్టగొడుగుల తోటలా మారి ఉండేది.

ఇతరుల ఇళ్లలో

డెబియన్ లాంటిదే అయిన ఆర్చ్ లినక్స్ ఈ తలనొప్పి అక్కర్లేదంది. అక్కడ లిబ్రెఆఫీస్-ఫ్రెష్, లిబ్రెఆఫీస్-స్టిల్ అని రెండు వరుసలున్నాయి, ఏది తీసుకున్నా ఆరు బొమ్మలూ కలిసే వస్తాయి. జావా ఐచ్ఛికమని ఒక ముక్క చెప్పి ఊరుకుంటుంది, కావాలంటే వాడేవారే దించుకోవాలి. భాషలు మాత్రం అక్కడా విడి ప్యాకేజీలే. ఫెడోరా అనే మరో లినక్స్ కూడా రైటర్, కాల్క్ అని విడదీసి, తెలుగుకు ల్యాంగ్‌ప్యాక్-టీఈ అని వేరే ముక్క ఇచ్చింది. అసలు సిసలు సూక్ష్మవిభజన చూడాలంటే అదే ఫెడోరాలో పుస్తకాలు, వ్యాసాలు అచ్చుకు సిద్ధం చేసే టెక్ లైవ్ వైపు చూడాలి. డెబియన్ దాన్ని కొన్ని పదుల మూటలుగా కడితే, ఫెడోరా ఒక్కో చిన్న స్టైలుకు ఒక్కో ఉపప్యాకేజీ చొప్పున వేలల్లో పంచింది. కావలసిన ఒక్క స్టైలునే దించుకోవచ్చు, నిజమే. కాకపోతే పూర్తి టెక్ లైవ్ కావాలన్నవారు వేల ప్యాకేజీలు ఒక్కొక్కటిగా దిగడం చూస్తూ కూర్చోవాలి.

ఈ పనికి మనిషి శ్రమ ఎంత పడుతుందో 2023 జూన్‌లో అందరికీ తెలిసివచ్చింది. రాబోయే ఎంటర్‌ప్రైజ్ వెర్షన్ల కోసం లిబ్రెఆఫీస్ ఆర్‌పీఎం ప్యాకేజీల (రెడ్‌హ్యాట్, ఫెడోరాలు వాడే ప్యాకేజీ రూపం) నిర్వహణ నుంచి తప్పుకుంటున్నామని రెడ్‌హ్యాట్ బృందం ప్రకటించి, ఫ్లాట్‌ప్యాక్ ఉంది కదా అని చూపించింది. ఫెడోరాలో ఆ బాధ్యతను స్వచ్ఛంద బృందం భుజానికెత్తుకుంది.

ఫ్లాట్‌ప్యాక్ అంటే అన్నీ ఒకే మూటలో ఉండే పద్ధతి. అక్కడ కోతలుండవని అనుకుంటాం. కానీ లొకేల్ అనే విస్తరణ అందులోనూ ఉంది, మనం ఎంచుకున్న భాషల అనువాదాలే దిగుతాయి. డీబగ్ సమాచారమూ వేరే విస్తరణే. ఇక డాక్యుమెంట్ ఫౌండేషన్ నేరుగా ఇచ్చే లినక్స్ డౌన్‌లోడ్‌ను విప్పి చూస్తే నవ్వు వస్తుంది. డెబ్స్ అనే ఫోల్డరులో పదుల కొద్దీ ప్యాకేజీలు, కోతలన్నీ మూల డెవలపర్లు చేసినవే. వాటిని దించుకునే పద్ధతి మాత్రం ఒక్కటే: నక్షత్రం గుర్తు (*) పెట్టి ఫోల్డరులోని అన్నిటినీ డీప్యాకేజీకి ఒకేసారి అప్పగించడం. ఏరుకునేవారు లేనిచోట అంత శ్రద్ధగా కోసి ఉపయోగం ఏమిటో వారికే తెలియాలి.

కత్తెర పనిచేయని చోటు

కోయడానికి కుట్టు లేని ఒక చోటు డెబియన్‌కు చివరిదాకా మిగిలింది. వెబ్ సర్వర్ల మీద లిబ్రెఆఫీస్‌ను తెర లేకుండా నడిపే వాడకం చాలా ఉంది. ఎవరో వర్డ్ ఫైలు పంపుతారు, సర్వర్ దాన్ని పీడీఎఫ్ చేసి తిరిగి ఇస్తుంది. కిటికీ తెరవదు, మౌసు ఉండదు. అయినా కోర్ దిగితే దాని వెంట తెర మీద గీసే లైబ్రరీలన్నీ దిగుతాయి. సర్వర్ మీద వాటికి పని లేదు, భద్రతా సవరణల భారం మాత్రం ఉంది.

ప్లగిన్లను వేరుచేసినట్టు దీన్ని వేరుచేయడం కుదరలేదు. తెరకు సంబంధించిన కోడు కోర్ లైబ్రరీల్లో పాలూనీళ్లలా కలిసిపోయింది. ఫైళ్లను ఈ సంచిలోంచి ఆ సంచిలోకి మార్చినంత మాత్రాన లైబ్రరీ లోపలి సంబంధాలు తెగవు. చివరికి ఎంచుకున్న దారి ఖరీదైనది: సోర్సునంతా రెండోసారి, తెర భాగాన్ని ఆపివేసి కంపైల్ చేయడం. లిబ్రెఆఫీస్ ఒకసారి కంపైల్ కావడమే పెద్ద తతంగం, అది ఇప్పుడు ప్రతి ప్రాసెసర్ రకానికీ రెండుసార్లు జరగాలి. అలా పుట్టినవే కోర్-నోగుయ్, రైటర్-నోగుయ్, కాల్క్-నోగుయ్ ప్యాకేజీలు. మామూలు కోర్, నోగుయ్ కోర్ ఒకే కంప్యూటర్‌లో కలిసి ఉండలేవు, ఒకటి దిగితే రెండోది పోవాలి. రెండింటిలోని లైబ్రరీల పేర్లూ ఒకటే, ఉండవలసిన ఫోల్డరూ ఒకటే.